రికార్డింగ్ పై అంచున గంతులేసే గీతలు: టీవో బాక్సులకు యాడ్‌లు చూపించమని చెప్పింది ఇవేనా?

#1 పాతటేపులు

అందరికీ నమస్కారం. అమెరికాలో మా బాబాయి వాళ్లు 1990ల చివర్లో టీవీ నుంచి రికార్డ్ చేసుకున్న వీహెచ్ఎస్ టేపులు నా చేతికొచ్చాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. బొమ్మను పూర్తి ఎత్తులో తీసుకుంటే అన్నిటికంటే పైన ఒక సన్నటి గీత కనిపిస్తోంది. నిండు గీత కాదు, తెలుపూ నలుపూ ముక్కలు. ఎడమవైపు ముక్కలు కదలవు. కుడివైపువి మాత్రం గంతులేస్తుంటాయి.

క్యాప్షన్లు, అంటే మాటలను తెర మీద అక్షరాల్లో చూపించేవి, అక్కడే ఉంటాయని తెలుసు. నా సందేహం అది కాదు. కొన్ని యాడ్‌లకు అసలు క్యాప్షన్లే లేవు. టీవీలో ఆన్ చేసినా ఒక్క అక్షరం రాదు. అయినా ఆ యాడ్ మొదలవగానే గీతలు గంతులు మొదలెడుతున్నాయి. మరి అందులో పోతున్నదేమిటి? యాడ్‌లో దాచిన సిగ్నల్‌ని టీవో బాక్సు (టీవీ కార్యక్రమాలను డిస్కులో రికార్డ్ చేసే యంత్రం, అంటే డీవీఆర్) పట్టుకుని తెర మీద ఏదో చూపించేదని ఎక్కడో చదివాను. ఇది అదేనా?

#2 సందేహాలరావు

టేపు అరిగిపోయి ఉంటుంది. ప్రతిదానికీ రహస్యం అంటగట్టకండి.

#3 లైన్21

అరుగుదల కాదు రావుగారూ. అరిగితే ఎడమవైపు ముక్కలు కూడా చెదిరిపోతాయి. అవి నిలకడగా ఉన్నాయంటే సిగ్నల్ శుభ్రంగా ఉన్నట్టే.

రిటైరయ్యే దాకా అక్కడ ఒక టీవీ స్టేషన్‌లో, ప్రసారాన్ని నడిపించే మాస్టర్ కంట్రోల్ గదిలో పనిచేశాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. పాత అమెరికా టీవీ సిగ్నల్‌లో మొత్తం 525 లైన్లు. అన్నీ బొమ్మకు వాడరు. పాత డబ్బా టీవీల్లో ఎలక్ట్రాన్ కిరణం కింది నుంచి మళ్లీ పైకి వెళ్లడానికి కొంత సమయం కావాలి. ఆ సమయంలో వెళ్లే లైన్లు ఖాళీవి. ఒక్కో బొమ్మ రెండు సగాలుగా వెళ్తుంది, ఒక్కో సగాన్ని ఫీల్డు అంటారు. ప్రతి ఫీల్డులోనూ మొదటి 21 అలాంటివే. తెరకు పైన, కంటికి కనిపించని చోటు. ఇంజనీర్లకు ఖాళీ చోటు కనిపిస్తే ఊరుకుంటారా? టెస్ట్ సిగ్నళ్లు, గడియారాలు, క్యాప్షన్లు, అన్నీ అక్కడే సర్దారు. 21వ లైన్ వినికిడి లేనివాళ్ల క్యాప్షన్లకు. 1990 నాటి చట్టం ప్రకారం 1993 జులై నుంచి అక్కడ అమ్మే 13 అంగుళాలు, అంతకు మించిన ప్రతి టీవీలోనూ ఆ లైన్ చదివే చిప్ తప్పనిసరి అయింది.

మీరు చూస్తున్న ఎడమవైపు ముక్కలు చదివే యంత్రానికి లయ అందించే గడియారం, ఏడు ఆవృత్తాలు. దాని తర్వాత కుడివైపు రెండు బైట్లు. ఫీల్డుకు రెండే. ఒక ఫీల్డు సెకనుకు దాదాపు 30 సార్లు వస్తుంది కాబట్టి సెకనుకు సుమారు 60 అక్షరాలు. ఇంత నెమ్మది కాబట్టే వీహెచ్ఎస్ టేపు కూడా దాన్ని పోగొట్టకుండా దాచుకుంది. యూరప్‌లో ఇలాగే అక్షరాల పేజీలు పంపే టెలిటెక్స్ట్ ఇంతకంటే చాలా వేగం, అందుకే వీహెచ్ఎస్‌లో అది గజిబిజి అయిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఒక్క లైన్ మొదటి ఫీల్డులోనే నాలుగు వరసలున్నాయి. రెండు క్యాప్షన్ వరసలు, రెండు టెక్స్ట్ వరసలు. మీరు టీవీలో ఆన్ చేసింది మొదటి క్యాప్షన్ వరస. టెక్స్ట్ రెండో వరసను ఇంట్లో ఎవరూ ఆన్ చేయరు. మీ యాడ్ బహుశా అందులో మాట్లాడుతోంది.

#4 కోడ్_కిట్టు

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో 608 క్యాప్షన్లు (ఈ 21వ లైన్ క్యాప్షన్ల ప్రమాణం పేరది) చదివే ఫిల్టర్ ఉంది, ఫ్రేమ్ ఫ్రేముకూ ఆ రెండు బైట్లు బయట పెడుతుంది. పాతటేపులు అన్నా, ఆ యాడ్ ముక్క మీద దాన్ని నడిపి చూడు. మాటల్లేనప్పుడు 80 80 అని వరసగా వస్తుంది, అది ఖాళీ. అది ఆగి 1సీ 2ఏ వచ్చిందంటే టెక్స్ట్ రెండో వరస మొదలైనట్టు.

#5 పాతటేపులు

కిట్టూ, నువ్వు చెప్పినట్టే వచ్చింది! కార్యక్రమం సాగుతున్నంత సేపూ మామూలు క్యాప్షన్. యాడ్ రాగానే కాసేపు 80 80. తర్వాత 1సీ 2ఏ. దాని వెనక కోణపు బ్రాకెట్లో ఒక వెబ్‌సైట్ అడ్రసు. తర్వాత చదరపు బ్రాకెట్లలో చిన్న చిన్న ముక్కలు, ఒకటి రకం, ఒకటి పేరు. అన్నిటికంటే చివర బ్రాకెట్లో నాలుగు అక్షరాల గుర్తు. కాసేపటికి మళ్లీ అదే మొత్తం మొదటి నుంచి. యాడ్ అయిపోగానే ఆగిపోయింది.

ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లు ఆ టేపులో ఒక వెబ్ అడ్రసు కూర్చుని ఉందన్నమాట.

#6 లైన్21

శభాష్. చివరి నాలుగు అక్షరాలు చెక్‌సమ్. మధ్యలో ఏదైనా అక్షరం చెడితే బాక్సు ఆ లింకును పారేస్తుంది, తర్వాతి సారి కోసం ఎదురు చూస్తుంది. మళ్లీ మళ్లీ పంపేది అందుకే.

ఇది టీవో కోసం కాదు, దానికి అన్నలాంటి వెబ్‌టీవీ కోసం. మైక్రోసాఫ్ట్ 1997లో కొనేసిన కంపెనీ. వాళ్ల బాక్సు ఈ అడ్రసు చదివి తెర మీద చిన్న ఐ అక్షరం చూపించేది. రిమోట్‌తో దాన్ని నొక్కితే ఆ పేజీ తెరుచుకుంటుంది. వింక్ అని ఇంకో కంపెనీ కూడా అదే కాలంలో ఇదే బాపతు పని చేసింది, ఐ నొక్కి కేటలాగ్ తెప్పించుకోవడం వగైరా. రెండూ నిలబడలేదు.

టీవోకు దారి చూపించింది మాత్రం ఇలాంటివే. టీవో పేటెంటు ఒకదానిలో ఉన్నది ఈ ఆలోచనే. ప్రసారంలో క్యాప్షన్లు పోయే చోట ట్యాగ్ పెట్టు, బాక్సు దాన్ని చదివి ఏం చేయాలో అది చేస్తుంది.

#7 రిమోట్_రాణి

టీవో పేరెత్తితే నేను రాకుండా ఉంటానా! మొదటి తరం బాక్సు వాడినదాన్ని. 1999లో వచ్చిన మోడల్ అది.

ఆ ట్యాగ్ ఎలా పనిచేసేదో చెబుతాను. ఏదో సీరియల్ చూస్తుంటాం. మధ్యలో అదే చానెల్ తన ఇంకో కార్యక్రమానికి ప్రోమో వేస్తుంది, "గురువారం రాత్రి తప్పక చూడండి" బాపతు. ఆ ప్రోమో నడుస్తుండగా తెర మీద చిన్న బొటనవేలి బొమ్మ వస్తుంది. రిమోట్‌లో థంబ్స్ అప్ బటన్ నొక్కితే చాలు, గురువారం రికార్డింగ్ దానంతటదే పెట్టేసుకుంటుంది. గైడ్‌లోకి, అంటే కార్యక్రమాల పట్టికలోకి, వెళ్లి వెతకడాలు, టైమ్ చూసుకోవడాలు ఏమీ లేవు. నొక్కకపోతే బొమ్మ మాయమవుతుంది. దాని పేరు ఐప్రివ్యూ.

దీన్ని ఎవరైనా మోసం అంటే నేను ఒప్పుకోను. నాకు అది బాగా పనికొచ్చింది. రహస్యం అనే మాట వినగానే అందరూ బెదిరిపోతారు గానీ, క్యాప్షన్ కూడా అలా దాచిన సిగ్నలే కదా?

#8 సందేహాలరావు

> నొక్కకపోతే బొమ్మ మాయమవుతుంది

ఈ రోజు బొటనవేలు, రేపు మొత్తం చెయ్యి. ఎవరి ఇంటి తెర మీద ఎవరి బొమ్మ? ఆ బాక్సు డబ్బు పెట్టి కొన్నారు, నెల నెలా గైడ్‌కి కూడా కట్టారు. మళ్లీ యాడ్ కూడానా?

#9 గౌతమి_ఎన్

రావుగారి అనుమానం ఊరికే కొట్టిపారేసేది కాదు. రాణి గారు చెప్పింది మొదటి మెట్టు మాత్రమే. తర్వాతి మెట్లు కూడా చూడండి.

2002 మే నెలలో బ్రిటన్‌లో టీవో వాడేవాళ్లు పొద్దున లేచి చూస్తే బాక్సులో తాము అడగని బీబీసీ కామెడీ ఒకటి రికార్డ్ అయి ఉంది. పేరు డోసా అండ్ జో. పోనీ తీసేద్దామంటే వారం దాకా డిలీట్ కాదు. రాత్రి తొమ్మిది తర్వాత వేసే కార్యక్రమం అది, పిల్లలున్న ఇళ్లవాళ్లకు ఇంకా ఒళ్లు మండింది. అదే నెల అమెరికాలో ఒక ఎలక్ట్రానిక్స్ షాపుల గొలుసు, బెస్ట్ బై, తన యాడ్‌లలో ట్యాగ్ పెట్టింది. బటన్ నొక్కితే గాయని షెరిల్ క్రో వీడియో వస్తుంది.

2005 నాటికి ఇంకో మెట్టు. యాడ్‌ని ఫాస్ట్ ఫార్వర్డ్ చేస్తుంటే దాని మీద ఆ కంపెనీ లోగో పలక ఒకటి తేలేలా చేశారు. ఈ ఏర్పాటు వస్తోందని 2004 నవంబరులోనే పత్రికల్లో వచ్చింది. యాడ్‌ని దాటేయడానికి కొన్న యంత్రం, దాటేసే ఆ కాస్త సమయాన్ని కూడా అమ్ముకుంది!

#10 కోడ్_కిట్టు

ఒక డౌటు. ఆ బీబీసీ షో రికార్డ్ చేయమని గాల్లో సిగ్నల్ వచ్చిందా, లేక వేరే దారినా? ఎవరి బాక్సు ఏ చానెల్‌లో ఉందో వాళ్లకెలా తెలుస్తుంది?

#11 లైన్21

మంచి ప్రశ్న తమ్ముడూ. రెండు దారులూ కలిపి చూస్తేనే ఈ కథ అర్థమవుతుంది.

మొదటి దారి ఫోన్. ఆ బాక్సులో మోడెమ్ ఉండేది. రాత్రిపూట తనంతట తనే కంపెనీకి ఫోన్ చేసి గైడ్ తెచ్చుకునేది. ఏం రికార్డ్ చేయాలనే ఆజ్ఞలు కూడా ఆ మూటలోనే వచ్చేవి. బీబీసీ షో అలాంటి ఆజ్ఞతో వచ్చినదే. అప్పుడు మీరు ఏ చానెల్ చూస్తున్నారన్నది అనవసరం, ట్యూనర్ ఖాళీగా ఉన్నప్పుడు బాక్సు తనే చానెల్ మార్చుకుంటుంది.

రెండో దారి ప్రసారంలోని ట్యాగ్. దానికి మనమెవరో తెలియదు. దేశంలో అందరికీ ఒకటే ట్యాగ్ వెళ్తుంది. "ఇప్పుడు ఫలానా యాడ్ నడుస్తోంది" అన్నంత వరకే దాని పని. దాన్ని చూసి ఏం చేయాలో బాక్సులోని సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్‌ని మార్చే తాళం చెవి మళ్లీ ఫోన్ దారిలోనే ఉంది.

మోడెమ్ వేగం ఎంత? వీడియో యాడ్ దాని మీద తేవాలంటే తెల్లారిపోతుంది. దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం చూస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది, మెచ్చుకోవాలనిపిస్తుంది కూడా. డిస్కవరీ చానెల్‌లో తెల్లవారుజామున అరగంట స్లాటు డబ్బిచ్చి కొన్నారు. గైడ్‌లో దాని పేరు టెలివరల్డ్ పెయిడ్ ప్రోగ్రామ్. మనుషులు చూడటానికి కాదు అది. ఇళ్లల్లో అందరూ నిద్రపోతుంటే బాక్సులు లేచి ఆ చానెల్ పెట్టి, ఆ అరగంటను రికార్డ్ చేసుకుని, డిస్కులో తమకోసం విడిగా ఉంచుకున్న చోట దాచేవి. పొద్దున మెనూలో కొత్త వీడియోలు సిద్ధం. డిస్కు మనది, అందులో ఆ ముక్క మాత్రం మన లెక్కలో కనిపించదు.

#12 రిమోట్_రాణి

అవునండోయ్! గైడ్ తిప్పుతుంటే ఆ పేరు కనిపించేది. ఒకసారి మేలుకుని ఉన్నప్పుడు పెట్టి చూశాను. ఒకదానితో ఒకటి సంబంధం లేని ముక్కలు వరసగా వచ్చాయి. ఏదో టెస్టింగ్ అనుకుని మార్చేశాను.

#13 చిట్టి_కే

ఇలా కంటికి కనిపించని సిగ్నళ్లు రోజూ చూస్తే మెదడు మీద ప్రభావం ఉండదా? సబ్లిమినల్ అంటారు కదా.

#14 లైన్21

ఉండదమ్మా. కనిపించని లైన్ మీ కంటిదాకా రానే రాదు. అది యంత్రానికి ఉత్తరం, మనిషికి కాదు.

#15 కోడ్_కిట్టు

చిట్టి గారు అడిగినదానికి దగ్గరగా ఒక సరదా ముచ్చట. 2006 ఫిబ్రవరిలో కేఎఫ్‌సీ వాళ్లు ఇందుకు పూర్తిగా తిరగేసిన పని చేశారు. యాడ్‌లో ఒక ఫ్రేములో రహస్య పదం దాచారు. మామూలు వేగంలో కనపడదు. డీవీఆర్‌లో వెనక్కి తిప్పి, ఫ్రేము ఫ్రేముగా కదిపితేనే దొరుకుతుంది. ఆ పదాన్ని వెబ్‌సైట్‌లో కొడితే శాండ్‌విచ్ కూపన్. అందరూ దాటేసే యాడ్‌ని జనం చేత భూతద్దం పెట్టి చూపించారు!

ఏబీసీ నెట్‌వర్క్ ఆ యాడ్ వేయనంది. సబ్లిమినల్ ప్రకటనలు వేయకూడదన్న తమ నియమం చూపించింది. వాళ్లు వద్దన్నాక ఇంకా ఎక్కువ మందికి తెలిసింది.

#16 సందేహాలరావు

యాడ్‌ని దాటేసే పని మాత్రం సిగ్నల్‌తో చేయరేం? స్టేషన్‌కి యాడ్ ఎప్పుడు మొదలవుతుందో తెలుసుగా. ఆ గుర్తు మన బాక్సుకు కూడా ఇస్తే హాయిగా అదే దాటేసుకుంటుంది.

#17 లైన్21

ఈ థ్రెడ్ మొత్తంలో అసలైన ప్రశ్న ఇదే రావుగారూ.

గుర్తులున్నాయి. ఎప్పుడూ ఉన్నాయి. బ్రిటన్‌లో పాత ఐటీవీ చూసినవాళ్లకు గుర్తుండాలి, బ్రేక్‌కు ముందు తెర పై మూలలో చిన్న నలుపు తెలుపు చదరం కదులుతూ కనిపించేది. ప్రాంతీయ స్టేషన్లు తమ యాడ్ టేపు సిద్ధం చేసుకోవాలని ఆ సైగ. చదరం మాయమైన ఐదు సెకన్లకు బ్రేక్. అమెరికాలో శాటిలైట్ ఫీడ్ ఆడియోలో ఫోన్ బటన్ల లాంటి పీప్ శబ్దాలు వాడేవాళ్లు. కేబుల్ హెడ్‌ఎండ్‌లో, అంటే కేబుల్ కంపెనీ చానెళ్లను అందుకుని ఇళ్లకు పంపే కేంద్రంలో, యంత్రం ఆ పీప్ విని స్థానిక యాడ్ జొప్పించేది. డిజిటల్ వచ్చాక దాని స్థానంలో ఎస్‌సీటీఈ 35 అనే ప్రమాణం వచ్చింది. 2001 నుంచి ఉంది. వీడియో స్ట్రీమ్‌లోనే చిన్న ప్యాకెట్, "ఇన్ని సెకన్లలో నెట్‌వర్క్ నుంచి బయటికి వెళ్లు, ఇంత సేపయ్యాక వెనక్కి రా" అని.

మా మాస్టర్ కంట్రోల్‌లో ఇవి మానిటర్ మీద కౌంట్‌డౌన్‌లా కనిపించేవి. ఆ ప్యాకెట్ నాలుగు సెకన్ల ముందైనా రావాలి. ఆలస్యమైతే జాతీయ యాడ్ తల కాస్త కనిపించి, దాని మీద స్థానిక యాడ్ పడుతుంది. మీరందరూ ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు, ఒక కారు యాడ్ అర సెకను మెరిసి పరుపుల యాడ్ మొదలవడం. ఆ అర సెకను మా ఖాతాలో తిట్లు.

ఈ ప్యాకెట్లు ఇంటిదాకా రానివ్వరు. హెడ్‌ఎండ్‌లోనే తీసేయడం మామూలు ఆనవాయితీ. ఒకవేళ తప్పించుకుని వచ్చినా పూర్తిగా ఉపయోగపడవు. అవి చెప్పేది స్థానిక యాడ్ వేసుకోవడానికి వదిలిన చోటు ఎక్కడుందని, నెట్‌వర్క్ తనే వేసే యాడ్‌ల గురించి కాదు.

#18 కోడ్_కిట్టు

దాటేయాలంటే ఊహించుకోవాల్సిందే. కామ్‌స్కిప్ లాంటి సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ చేసేది అదే. ఎక్కడ నల్ల ఫ్రేము వచ్చింది, ఎక్కడ శబ్దం ఆగింది, మూల నుంచి చానెల్ లోగో ఎప్పుడు మాయమైంది అని చూస్తుంది.

టీవోకు పోటీగా ఉన్న రీప్లేటీవీ 2001లో యాడ్‌లు దానంతటదే దాటేసే 4000 మోడల్ తెచ్చింది. స్టూడియోలు కోర్టుకెక్కాయి. దాని యజమాని సోనిక్‌బ్లూ 2003లో దివాలా తీసింది. 2012లో శాటిలైట్ టీవీ కంపెనీ డిష్ వాళ్ల ఆటోహాప్, అదీ యాడ్‌లు దాటేసేదే, వచ్చినప్పుడు ఫాక్స్ నెట్‌వర్క్ కేసు వేసింది. ఆ కేసులో బయటపడ్డ సంగతి ఏమిటంటే, యాడ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో డిష్ టెక్నీషియన్లు రాత్రిపూట కూర్చుని చేత్తో గుర్తు పెట్టేవాళ్లట!

యాడ్ చూపించడానికి సిగ్నల్ ఉంది. దాటేయడానికి మాత్రం మనుషులు నిద్ర మానుకోవాలి.

#19 సందేహాలరావు

ఇది నేను ఫ్రేము కట్టించుకుని పెట్టుకుంటాను.

#20 రిమోట్_రాణి

టీవోలో 30 సెకన్ల దూకుడు కూడా దాచే ఉంచారు తెలుసా? మెనూలో ఎక్కడా ఉండదు. ఏదైనా రికార్డింగ్ నడుస్తుండగా సెలెక్ట్, ప్లే, సెలెక్ట్, 3, 0, సెలెక్ట్ నొక్కాలి. వరసగా టింగ్ టింగ్‌మని మోగితే పని అయినట్టు. కరెంటు పోయి బాక్సు మళ్లీ లేస్తే అది మరిచిపోయేది, మళ్లీ నొక్కాలి. చానెళ్ల వాళ్లకు కోపం రాకుండా కంపెనీ అలా చేసిందని అందరం అనుకునేవాళ్లం.

అందుకే అంటున్నాను, ఆ కంపెనీ రెండు పడవల మీద కాళ్లు పెట్టింది. మనకూ కావాలి, యాడ్‌ల వాళ్లకూ కావాలి.

#21 గౌతమి_ఎన్

రెండు పడవలని తెలిసే కొన్నామా అన్నదే నా బాధ రాణి గారూ. 2004లో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) మధ్యలో గాయని జానెట్ జాక్సన్ దుస్తుల ఘటన జరిగిన మర్నాడే టీవో ప్రకటించింది, ఆ క్షణం దగ్గర వీక్షణ 180 శాతం పెరిగిందని. జనం వెనక్కి తిప్పి తిప్పి చూశారని గొప్పగా చెప్పుకుంది. పేర్లు లేని లెక్కలేనని కంపెనీ అంది, అది నిజమే కావచ్చు. కానీ తన ఇంట్లో తను రివైండ్ బటన్ నొక్కితే ఎక్కడో లెక్క పడుతుందని చాలామందికి ఆ రోజే తెలిసింది.

ట్యాగ్ ఇటు వస్తుంది, లెక్క అటు పోతుంది. ట్యాగ్ ఒక్కటే అయితే నాకూ అభ్యంతరం లేదు. ఏ యాడ్ దగ్గర ఎవరు ఆగారు, ఎవరు దాటేశారు అన్న లెక్క దానికి తోడైనప్పుడే దానికి విలువ. కంపెనీకి నిజంగా కావాల్సింది ఆ లెక్కే.

#22 చిట్టి_కే

ఫోన్లు కూడా టీవీ యాడ్‌లు వింటాయంటారు, అది నిజమేనా?

#23 గౌతమి_ఎన్

కొంత నిజముంది. సిల్వర్‌పుష్ అనే కంపెనీ మన చెవికి అందని పై స్థాయి శబ్దాన్ని టీవీ యాడ్‌లో కలిపి, ఫోన్‌లోని యాప్ మైక్ దాన్ని పట్టుకునేలా సాఫ్ట్‌వేర్ తయారు చేసింది. 2016 మార్చిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (ఎఫ్‌టీసీ) ఆ కోడ్ వాడుతున్నట్టు కనిపించిన 12 మంది యాప్ డెవలపర్లకు హెచ్చరిక లేఖలు రాసింది. అమెరికా కార్యక్రమాల్లో అప్పటికి ఆ శబ్దాలు లేవని కూడా అదే లేఖలో ఉంది. మాటలు వినడం వేరు, ఈ గుర్తు వినడం వేరు. రెండూ కలిపేసి భయపడకండి.

#24 మోడరేటర్

ఫోన్ మైక్ గురించి మాట్లాడేవాళ్లు దయచేసి కొత్త థ్రెడ్ తెరవండి. ఇక్కడ డీవీఆర్, టీవీ సిగ్నళ్ల వరకే.

#25 పాతటేపులు

మోడరేటర్ గారూ సరే. నాదింకో ప్రశ్న. ఇప్పుడు అనలాగ్ లేదు, 21వ లైనూ లేదు. సెట్ టాప్ బాక్సు నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ వైరు. మరి ఈ ట్యాగ్‌లు ఎక్కడికి పోయాయి?

#26 లైన్21

డిజిటల్ ప్రసారంలో ఆ పాత రెండు బైట్లు ఇప్పటికీ ప్రయాణిస్తున్నాయి, వీడియో ఫ్రేముల పక్కన చిన్న సంచిలో. బాక్సుదాకా వస్తాయి. బాక్సు దాటి హెచ్‌డీఎంఐ వైరులోకి మాత్రం రావు. క్యాప్షన్లను బాక్సే బొమ్మ మీద రాసి పంపుతుంది. అంటే వైరుకు అవతల ఉన్న స్మార్ట్ టీవీకి తను ఏ చానెల్ చూపిస్తోందో కూడా తెలియదు.

టీవీ తయారీదారులకూ యాడ్‌ల సొమ్ములో వాటా కావాలి కదా. అప్పుడు ట్యాగ్ మళ్లీ బొమ్మలోకే దూరింది. అమెరికా కొత్త డిజిటల్ ప్రసార ప్రమాణం ఏటీఎస్‌సీ 3.0లో రెండు వాటర్‌మార్కులు, అంటే మనిషి గమనించలేని గుర్తులు, ఉన్నాయి. ఒకటి శబ్దంలో కలిసిపోయేది. రెండోది బొమ్మ మొట్టమొదటి లైన్లో, కావాలంటే రెండో లైన్లో కూడా, వెలుతురు స్థాయిని కాస్త అటూ ఇటూ మార్చి రాసేది. ప్రమాణం నంబరు ఏ/335. మధ్యలో ఎన్ని వైర్లున్నా అది బొమ్మే కాబట్టి ఎవరూ తీసేయలేరు. బాక్సు బొమ్మను చిన్నది చేసి గైడ్ పక్కన చూపిస్తే మాత్రం చదవడం కష్టం, ఆ లైన్లు నలిగిపోతాయి.

శబ్దంలో రాయడం కొత్తేమీ కాదు. శ్రోతల లెక్కలు తీసే ఆర్బిట్రాన్ కంపెనీ మీటర్ కోసం రేడియోల్లో 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య, మాటల చాటున కోడ్ దాచేవాళ్లు. చెవికి అందనంత పైన పెడితే మధ్యలో ఏదో ఒక యంత్రం కోసేస్తుంది. మాటలున్న చోట పెడితే ఎవరూ కోయరు.

#27 కోడ్_కిట్టు

వాటర్‌మార్క్ కూడా అక్కర్లేని దారి ఒకటి ఉంది, ఏసీఆర్. టీవీ తెర మీది పిక్సెళ్ల నమూనా తీసి సర్వర్‌లోని నమూనాలతో పోల్చి "ఇది ఫలానా యాడ్" అని కనిపెడుతుంది. ప్రసారంలో ఏ గుర్తూ ఉండనక్కర్లేదు. విజియో కంపెనీ కోటీ 10 లక్షల టీవీల నుంచి ఇలా లెక్కలు తీసుకుందని 2017 ఫిబ్రవరిలో ఎఫ్‌టీసీ కేసు, 22 లక్షల డాలర్లతో రాజీ. కేబుల్ నుంచి వచ్చినా, డీవీడీ నుంచి వచ్చినా, దానికి ఒకటే. మీ డీవీఆర్‌కు నెట్ లేకపోయినా టీవీకి ఉంటే చాలు.

#28 రిమోట్_రాణి

టీవోకు చివర్లో సిగ్నల్ కూడా అక్కర్లేకపోయింది లెండి. 2019లో రికార్డింగ్ తెరవగానే ముందు ఒక యాడ్ వేయడం మొదలెట్టింది. ప్రసారంతో సంబంధం లేదు, నెట్ నుంచి తెచ్చుకుని ముందు అతికించడమే. నాకు నిజంగా మనసు విరిగింది అప్పుడే. బొటనవేలి బొమ్మ నన్ను అడిగింది, ఇది అడగలేదు. 2025లో వాళ్లు డీవీఆర్ బాక్సుల అమ్మకమే ఆపేశారని విన్నప్పుడు పెద్దగా బాధ కలగలేదు.

#29 గౌతమి_ఎన్

పాతటేపులు గారూ, ఆ బైట్ల లాగ్ ఎక్కడైనా పెట్టండి. ఏ యాడ్‌లో ఏ అడ్రసు ఉందో ఒక పట్టిక తయారు చేయాలని ఉంది. ఒక్క మాట, క్యాప్చర్ చేసేటప్పుడు పై అంచు కత్తిరించకండి.

#30 పాతటేపులు

తప్పకుండా. పూర్తి ఎత్తులోనే ఉంచాను. ఇంతకీ ఇప్పటి వాటర్‌మార్కుల నుంచి తప్పించుకోవాలంటే ఏం చేయాలి? టీవీకి నెట్ పీకేస్తే సరిపోతుందా?

#31 లైన్21

వాటర్‌మార్కులో ప్రధానంగా ఉండేది ఒక గుర్తింపు సంఖ్య, కొంచెం సమయం. యాడ్ దానిలో పట్టదు. సంఖ్య చదివాక టీవీ నెట్‌లోకి వెళ్లి యాడ్ తెచ్చుకోవాలి, లెక్క కూడా నెట్‌లోనే పంపాలి. నెట్ లేకపోతే చదివి ఊరుకుంటుంది. టెలివరల్డ్ కాలంలో ఇలా కుదిరేది కాదు, యాడ్ అప్పటికే మీ డిస్కులో దిగి ఉండేది. నెట్ ఉంచుకోవాల్సిందే అనుకుంటే సెట్టింగ్స్‌లో చూసే కార్యక్రమాలను గుర్తించే ఆప్షన్ ఏదో పేరుతో ఉంటుంది, దాన్ని ఆపేయండి. అప్‌డేట్ తర్వాత ఒకసారి మళ్లీ చూసుకోండి.

#32 సందేహాలరావు

డీవీఆర్‌కి కూడా నెట్ పీకేయమంటారా?

#33 లైన్21

పీకేయొచ్చు. గైడ్ రాదు. గైడ్ లేకపోతే ఏది ఎప్పుడు రికార్డ్ చేయాలో దానికి తెలియదు. పాత వీసీఆర్‌లాగా టైమ్ మీరే పెట్టుకోవాలి.

#34 సందేహాలరావు

పెట్టుకుంటాను. రాణి గారిని అడిగి ఆ 30 సెకన్ల బటన్ల వరస కూడా రాసుకున్నాను.